దివాణం తోటకి ఆరు రుతువులు చాలవు

ఏప్రిల్ ఆఖరి వారం. కాలవలు కట్టేసి పది రోజులైంది. పంట బోదె అడుగున మిగిలిన జానెడు నీళ్లలో కొంగలు తిరుగుతున్నాయి. చేలన్నీ నెర్రెలిచ్చాయి. హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చిన మా అన్నయ్య కూతురు మా ఊరి దివాణం, అంటే పాత జమీందారు లోగిలి, దాని తోటలో రావిచెట్టు కింద నిలబడి, తల పైకెత్తి అడిగింది.

"బాబాయ్, చేలు చూస్తే అలా ఎండిపోయాయి. ఈ చెట్లేమో ఇప్పుడే తలంటు పోసుకున్నట్టున్నాయి. వానలు పడ్డాక కదా చిగురించాలి?"

"రావికి వానతో పని లేదమ్మా" అనేసి ఊరుకోబోయాను. కానీ పక్కనే మామిడి తోటలో సగం చెట్లకి కాయ లేదు. వెనక కొబ్బరి గెలలు ఈసారి పల్చగా ఉన్నాయి. చెరువుగట్టు మీద తాళ్లు మాత్రం ముంజలతో విరగకాశాయి. ఒకే ప్రహరీ లోపల, ఒకే ఎండ కింద, ఒక్కో జాతి చెట్టు ఒక్కో నెలలో ఉన్నట్టుంది. పిల్ల అడిగింది చిన్న ప్రశ్నే. జవాబు చెప్పాలంటే మాత్రం నేల ఎత్తు దగ్గర మొదలుపెట్టి ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా 1948 నాటి చట్టం దాకా నడవాలి.

మా ఊరు గోదావరి పాయ గౌతమికి తూర్పున ఉంది. మా దివాణం పెద్దదేం కాదు. పిఠాపురం, రామచంద్రపురం కోటల పక్కన దాన్ని నిలబెట్టలేం. మండువా లోగిలి, దాని ముందు పూలచెట్లు, వెనక దొడ్డి, దక్షిణాన మామిడి తోట, చుట్టూ కొబ్బరి, అవతల చెరువు. గేటు నుంచి కాలవ రేవు వైపు రెండు వరసల నిద్రగన్నేర్లు. మా తాతగారు అక్కడ తోట లెక్కలు రాసే గుమాస్తా. కొబ్బరికాయలు దింపిన లెక్కలు రాసిన దింపు పుస్తకాలు కొన్ని ఇప్పటికీ మా ఇంటి అటక మీద ఉన్నాయి. వాటిని చదివితేనే నాకీ తోట కొంత అర్థమైంది.

మూడడుగుల ఎత్తు

డెల్టా అంటే చాపలా పరిచిన నేల అనుకుంటారు. రైల్లోంచి చూస్తే అలాగే ఉంటుంది. దాని మీద కాలినడకన తిరిగేవాడికి తెలుసు, ఇక్కడ ప్రతి ఊళ్లోనూ మెరక అని ఒకటి, పల్లం అని ఒకటి ఉంటాయి. తేడా మనిషెత్తు కూడా ఉండదు. కానీ ఊరు మెరక మీద ఉంటుంది, గుడి మెరక మీద ఉంటుంది, దివాణం మెరక మీదే ఉంటుంది. వరి పల్లంలో ఉంటుంది.

ఈ మెరకలు ఎక్కడివి? సుమారు 6,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటి స్థాయి దగ్గర నిలదొక్కుకున్నాక, గోదావరి తెచ్చిన ఒండ్రుతో తీరం ముందుకు జరుగుతూ వచ్చింది. తీరం ఆగిన చోటల్లా అలలూ గాలీ కలిసి ఒక ఇసుక దిబ్బని పేర్చాయి. మళ్లీ తీరం జరిగింది, మళ్లీ ఇంకో దిబ్బ. అలా సముద్రానికి సమాంతరంగా దిబ్బ, పల్లం, దిబ్బ, పల్లం. అంటే మా దివాణం కట్టింది ఒకప్పటి సముద్రపు ఒడ్డు మీద. నూతులు తవ్వేటప్పుడు రెండు గజాల లోతులో గుల్లలు రావడం మా ఊళ్లో ఎవరికీ వింత కాదు.

దిబ్బ మీద ఇసుక. నీళ్లు చప్పున ఇంకిపోతాయి, వేళ్లకి గాలి ఆడుతుంది. పల్లంలో బంకమట్టి. నీళ్లు నిలుస్తాయి. చెట్టు ఎక్కడ పడాలన్నది సగం ఇక్కడే తేలిపోయింది. మామిడి, పనస, సపోటా, జీడిమామిడి దిబ్బకి. కొబ్బరి దిబ్బ వాలుకి, కాలవ గట్టుకి. తాడి ఎక్కడైనా బతుకుతుంది కాబట్టి ఇంకేదీ బతకని చోటికి, అంటే చేను గట్లకి, చెరువు కట్టకి. నూతి పక్కన అరటి, కరివేపాకు, నిమ్మ. కారణం శాస్త్రం కాదు, గిన్నెలు కడిగిన నీళ్లు అటే పోతాయి. కళ్లం దగ్గర వేప. కుప్ప నూర్చేవాళ్లకి నీడ కావాలి గదా.

జమీందారుగారి అభిరుచి అని మనం మెచ్చుకునే దాంట్లో చాలా భాగం ఇలా నేల చెప్పిన మాట వినడమే. అభిరుచి అన్నది ముంగిట్లో మాత్రం ఉంది: పొగడ, సంపెంగ, పారిజాతం, ఒక పొన్న.

కాలవ పంచాంగం

ఇక్కడి చెట్లకి ఆకాశంలో నడిచే పంచాంగం ఒకటి, నేల కింద నడిచేది ఒకటి. రెండోది 1852 తరవాత పుట్టింది.

1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట నదిని నాలుగు ముక్కల్లో అడ్డగించింది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. దాని స్థానంలో కట్టిన ఇప్పటి బరాజ్ 1982 నాటికి సిద్ధమైంది. ఆ నీళ్లతో తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పది లక్షల ఎకరాల పైన పండుతోంది. వరి సంగతి అందరూ చెబుతారు. చెట్ల సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

జూన్‌లో కాలవలకి నీళ్లు వదులుతారు, అది సార్వా, వానాకాలపు వరి. డిసెంబర్ నుంచి దాళ్వా, రెండో పంట వరి. ఏప్రిల్‌లో కట్టేస్తారు, మరమ్మతులు చేసుకుంటారు, మళ్లీ జూన్. కట్టేసే ముందు ఊళ్లల్లో మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. అంటే ఏడాదిలో పది నెలలు చేలల్లోనో కాలవల్లోనో నీళ్లుంటాయి. ఆ నీళ్లు పక్కకి ఊరతాయి. వాన లేని జనవరి, ఫిబ్రవరి, మార్చిలో కూడా బావిలో నీళ్లు పైపైనే ఉంటాయి. మెట్ట ప్రాంతంలో చెట్టు దాహంతో వేసవిలోకి అడుగుపెడితే, మా చెట్టు కడుపు నిండి అడుగుపెడుతుంది.

ఇది అందరికీ మేలు కాదు. మామిడికి అసలు మేలు కాదు.

మామిడి పూయాలంటే దానికి రెండు కావాలి. ముదిరిన కొమ్మ, కొంచెం కష్టం. మార్గశిర, పుష్యాల చలి ఒక కష్టం, నేల ఆరడం ఇంకో కష్టం. చలి గట్టిగా పడే ఉత్తరాదిలో చలి ఒక్కటే సరిపోతుంది. సముద్రం పక్కనున్న మాకు అంత చలి ఎక్కడిది? కాబట్టి నేల ఆరడం మీదే భారం పడుతుంది. సరిగ్గా అప్పుడే దాళ్వాకి నీళ్లు వదులుతారు. వేళ్లు తడిసిన చెట్టు పూత మాట మరిచి చిగుళ్లు వేస్తుంది.

నమ్మకం కుదరక ఒకసారి తాపీమేస్త్రిని పిలిచి, ఆయన నీళ్ల గొట్టంతో మట్టం చూశాను. తోటలో పడమటి వైపు, దిబ్బ మీద ఉన్న 'కొత్తపల్లి కొబ్బరి' రకం మామిడి చెట్టు మొదలుకీ, నలభై అడుగుల దూరంలో బోదె వైపు ఉన్న అదే రకం చెట్టు మొదలుకీ తేడా మూడడుగులు. పైచెట్టుకి ఆ ఏడాది ఆవకాయకి సరిపడా కాయ. కింది చెట్టుకి రాగిరంగు చిగుళ్లు, నిండా. ఇద్దరు అన్నదమ్ములకి ఒకే పెట్టుబడి ఇచ్చి, ఒకణ్ణి పొలానికీ ఇంకొకణ్ణి పేకాటకీ పంపినట్టుంది. మా తాతగారి పుస్తకంలో కింది వరసకి 'తూర్పు సాలు' అని పేరు. వేలం పాటలో ఆ సాలు ధర ఎప్పుడూ విడిగానే రాసేవారు. కారణం రాయలేదు. రాయక్కర్లేదు, పాడేవాళ్లందరికీ తెలుసు.

పూత వచ్చాక కూడా గండాలున్నాయి. 'పూతకి మంచు పట్టింది' అంటాం. పాపం మంచుది పాత్ర కొంతే. మబ్బు, తేమ చూసుకుని బూడిద తెగులూ తేనెమంచు పురుగూ దిగుతాయి. ఆ పురుగు కార్చే తీపి జిగురు ఆకుల మీద పడి మెరుస్తుంది, దాని మీద మసి పేరుకుంటుంది. అదంతా లేకపోయినా, పూత గుత్తిలో ఎక్కువ భాగం మగపూలు. వెయ్యి పూలకి ఒకటో రెండో కాయలు నిలిస్తే చెట్టు బాగా కాసినట్టే.

ఎండలో చిగురు

ఇప్పుడు పిల్ల అడిగిన ప్రశ్న. రావి, కానుగ, వేప, మరికొన్ని పెద్ద చెట్లు శిశిరం చివర ఆకు రాలుస్తాయి. శివరాత్రి వెళ్లాక చూస్తే రావి బోసిగా ఉంటుంది, పది పదిహేను రోజుల్లో లేత గులాబి, రాగి రంగుల్లో మళ్లీ నిండుతుంది. ఇది డెల్టాకే ప్రత్యేకం కాదు. పొడి నేలల్లోనూ ఇలాగే జరుగుతుంది. అదే విచిత్రం.

కిటుకు ఇది. ఆకే నీళ్లు ఖర్చు చేసేది. ఆకు రాల్చేస్తే ఖర్చు ఆగి, లోతు వేళ్లు తోడిన నీళ్లు మానులో నిల్వ చేరతాయి. ఆ నిల్వతో, రోజు పొడవు పెరుగుతున్న సూచన అందుకుని, చెట్టు వానలకి రెండు నెలల ముందే చిగురిస్తుంది. లాభం రెండు రకాలు. మృగశిర కార్తె వచ్చి మబ్బు పట్టే వేళకి ఆకు ముదిరి పనికి సిద్ధంగా ఉంటుంది. రెండోది, ఆకు తినే పురుగు వానతో పాటు పుడుతుంది. అది పుట్టేసరికి ఆకు గట్టిపడి దాని నోటికి అందదు. లేత చిగుళ్ల ఎర్రరంగు కూడా ఆ మధ్యకాలపు కాపలాయే. పచ్చదనం ఇంకా పూర్తిగా చేరని ఆకుని మండే ఎండ నుంచి అది కాస్తుంది.

"అంటే ముందుగా టికెట్ బుక్ చేసుకున్నట్టు" అంది మా పిల్ల. సరే, అలాగే అనుకోమన్నాను.

డెల్టాలో దీనికి ఇంకో మెలిక ఉంది. కాలవ ఊట వల్ల నేల పూర్తిగా ఆరదు కనుక కొన్ని చెట్లు ఆకు రాల్చడం సగంలో ఆపేస్తాయి. కాలవ గట్టున ఉన్న నిద్రగన్నేరు ఎప్పుడు బోసిపోయిందో ఎవరికీ గుర్తుండదు, దిబ్బ మీది నిద్రగన్నేరు మాత్రం కొన్నాళ్లయినా కట్టెలా నిలబడుతుంది. ఇక బాదంచెట్టు ఏ లెక్కకీ దొరకదు. ఏడాదికి రెండుసార్లు ఎర్రబడి రాలుస్తుంది. దివాణం వంటింటి వెనక ఉన్న బాదాన్ని ఊడ్చలేక పనివాళ్లు పెట్టే శాపనార్థాలు నా చిన్నప్పుడు విన్నాను.

ఎప్పటిదో ఎండ, ఇప్పటి కాయ

కొబ్బరి దగ్గర రుతువుల లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

చెట్టు రమారమి నెలకో మట్ట వేస్తుంది. ప్రతి మట్ట చంకలో ఒక పొత్తి. పొత్తి పగిలి పూత బయటపడిన దగ్గర్నుంచి కాయ ముదరడానికి ఏడాది. ఇంతవరకు అందరికీ కనిపించేదే. కనిపించనిది మొవ్వు లోపల, అంటే చెట్టు తలలో కొత్త మట్టలు పుట్టే చోట జరుగుతుంది. ఆ పొత్తి బీజరూపంలో మొదలయ్యేది పగలడానికి సుమారు 32 నెలల ముందు. ఆపైన కాయ ముదరడానికి పట్టే 12 నెలలు కలిపితే 44.

ఈ ఏప్రిల్‌లో దింపిన కాయ ఉందనుకోండి. అది మొవ్వులో మొదలైంది మూడేళ్ల ఎనిమిది నెలల కిందటి శ్రావణంలో. మధ్యలో మూడు వేసవులు దాటింది, కాలవలు కట్టేసిన మూడు విడతలు చూసింది. పొత్తి లోపల ఎన్ని ఆడపూలు పడాలో తేలే సమయంలో ఎద్దడి వస్తే పూలు తగ్గుతాయి, పిందె దశలో వస్తే పిందెలు రాలతాయి. అందుకే ఒక చెడ్డ ఏడాది తన ఫలితాన్ని ఒకేసారి చెల్లించదు. వాయిదాల్లో మూడు నాలుగేళ్లు చెల్లిస్తుంది.

దింపు పుస్తకాల్లో మా తాతగారు అంకెల పక్కన చిన్న చిన్న మాటలు రాసేవారు. 'ఎండు'. 'గాలి'. 'కాలవ ఆలస్యం'. చదివిన మొదట్లో ఏమీ పొసగలేదు. 'ఎండు' అని రాసిన ఏడాది కాయ బాగానే దిగింది, 'వాన బాగు' అని రాసిన ఏడాది పడిపోయింది. ఆయన లెక్కల్లో తప్పులున్నాయేమో అనుకున్నాను. తరవాత మాటల వరసని మూడేళ్లు కిందకి జరిపి చూస్తే చాలా చోట్ల అతికింది. దివాణంలో కాయ తగ్గినప్పుడల్లా ఆ ఏడాది పనిచేస్తున్న తోటమాలికి మాట పడేది. అసలు కారణం అతను చేరక ముందే జరిగిపోయి ఉండొచ్చు.

దింపు అంటే 45 రోజులకో, రెండు నెలలకో ఒకసారి. దింపు కార్మికుడు చెట్టెక్కితే గెల కోసి ఊరుకోడు. ఎండు మట్టలు దించుతాడు, మొవ్వు చుట్టూ చూస్తాడు. కొమ్ముపురుగు తొలిచిన మట్ట విచ్చుకుంటే కత్తెరతో కోసినట్టు త్రికోణాలుగా ఉంటుంది. కింద నిలబడి చూసినా ఆ కోత తెలుస్తుంది. ఎర్రముక్కు పురుగు అలా కాదు. మాను లోపల ఉంటుంది, తల వాలిపోయేదాకా ఆనవాలు చిక్కదు. మాను మీద ఎర్రటి జిగురు కారిన మరకలుంటే చెవి ఆనించి వినమని మా దింపు బాబాయి చెప్పేవాడు. లోపల నమిలే చప్పుడు వినిపిస్తుంది. నేనొకసారి విన్నాను, అప్పడం నలిపినట్టుంది. 2016 తరవాత సర్పిలాకార తెల్లదోమ కూడా వచ్చి చేరింది. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, పైన మసి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు దాని మీదికి మిత్రపురుగుల్ని పెంచి ఇస్తున్నారు. మందు కొట్టి గెలిచే యుద్ధం కాదది.

తాడికి తొందర లేదు

తాడి గురించి క్లుప్తంగా చెప్పి ఊరుకోవడం అన్యాయమే. కాపుకి రావడానికి పన్నెండేళ్లు, పదిహేనేళ్లు, ఒక్కోచోట ఇంకా పైనే పడుతుంది. అప్పటిదాకా అది పోతుతాడో పెంటితాడో ఎవరూ చెప్పలేరు. అందుకే మనవడి కోసం నాటే చెట్టు అంటారు. చాలామట్టుకు ఎవరూ నాటరు కూడా. రాలిన పండు మొలిచిందే.

వేసవిలో ముంజ. అది కోయకుండా వదిలేస్తే శ్రావణ భాద్రపదాల్లో పండు. దబ్బుమని పడుతుంది, ఊళ్లో పందులకీ పిల్లలకీ పోటీ. టెంకల్ని పోగుచేసి ఇసుక పాతర వేస్తారు. ఇక్కడ తమాషా ఏమిటంటే తాటి టెంక మొలక పైకి రాదు. ముందు కిందకి దిగుతుంది, ఒక పొడవాటి గొట్టంలా. అసలు మొక్క దాని చివర, మట్టి లోపల మొదలవుతుంది. మనం తంపటి వేసుకుని తినే తేగ వేరు కాదు, అలా కిందకి దిగిన మొలక. అది తిన్నగా, పొడుగ్గా దిగాలంటే నేల గుల్లగా ఉండాలి. తేగల పాతర ఎప్పుడూ ఇసుక దిబ్బ మీదే ఎందుకు వేస్తారో ఇప్పుడు తెలుస్తుంది. సంక్రాంతి ముందు తవ్వితే తేగ, టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు.

1780ల్లో సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడొక తోట వేసి రకరకాల మొక్కలు పెంచి చూశాడు. 1790 ప్రాంతపు కరువు చూశాక ఆయన కంపెనీకి సూచించినవాటిలో కొబ్బరి, తాడి, పనస, అరటి లాంటివి విరివిగా నాటించాలన్నది ఒకటి. వరి పోయినా జనానికి తినడానికి ఏదో ఒకటి ఉంటుందని. 1793లో ఆయన కలకత్తా వృక్షశాస్త్ర తోటకి వెళ్లిపోయాడు. ముంజ, పండు, తేగ, బెల్లం, కల్లు. ఏడాదిలో ఏ నెలలో ఏది దొరుకుతుందో మా ముసలమ్మలు ఆయన రాకముందే లెక్కగట్టి ఉంటారని నా నమ్మకం.

వంగిన మోచేతులు

శరత్తు అంటే కావ్యాల్లో వెన్నెల, రెల్లుపూలు. మాకు రెల్లుపూలూ ఉన్నాయి, ముంగిట పారిజాతాలూ ఉన్నాయి, దసరా వెళ్లాక ఏడాకుల పాల వాసనకి తలనొప్పీ ఉంది. కార్తీకంలో ఉసిరి కింద వనభోజనాలూ ఉన్నాయి. వీటన్నిటి మధ్యా రేడియోకి చెవి ఆనించి కూర్చునే రోజులు కూడా ఉన్నాయి. అక్టోబర్, నవంబర్ మాకు గాలి రుతువు. మిగతా చోట్ల చెట్టు ఆకు రాలుస్తుంది. ఇక్కడ చెట్టే రాలుతుంది.

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా మనుషుల్ని, లక్షల కొబ్బరి చెట్లని తీసుకుపోయింది. కొబ్బరి గాలికి తట్టుకునే చెట్టే. మాను నారతో అల్లినట్టుంటుంది, వంగుతుంది. కొమ్మలు లేవు కాబట్టి గాలికి పట్టు చిక్కదు. వేల కొద్దీ సన్నవేళ్లు మొదలు చుట్టూ బుట్టలా పట్టుకుంటాయి. కానీ వానకి నానిన మట్టిలో ఆ బుట్ట మొత్తం పెళ్లగిలి వచ్చేస్తుంది. ముసలి చెట్లు, పొడుగు చెట్లు ముందు పోయాయి. దివాణంలో నిద్రగన్నేర్లు అంతకన్నా ఘోరం. గొడుగంత తల, వేళ్లేమో పైపైనే.

పడిపోకుండా సగం ఒరిగిన కొబ్బరిచెట్లు ఏం చేశాయో చూడండి. కొబ్బరి మాను ఒకసారి ఏర్పడ్డాక మళ్లీ లావెక్కదు, తిరిగి నిటారుగా లేవదు. పెరిగేది మొవ్వు ఒక్కటే. అది మళ్లీ ఆకాశం వైపు తిరిగి పెరుగుతుంది. కాబట్టి ఒరిగిన చోట మోచేయిలా ఒక వంపు శాశ్వతంగా మిగిలిపోతుంది. మా తోటలో ఆ మోచేతులన్నీ పడమటికి వంగి ఉన్నాయి. తుపాను కన్ను మాకు దక్షిణంగా దాటింది కనుక మా మీద తూర్పుగాలి కొట్టింది.

2022 మే నెలలో దింపు బాబాయితో కలిసి ఒక చెట్టు లెక్కపెట్టాను. మట్ట రాలిన చోటల్లా మాను మీద ఒక కట్టు మచ్చ ఉంటుంది. ఆయన పైన ప్రతి పదికీ సుద్దగీత పెడుతూ అరుస్తుంటే నేను కింద రాసుకున్నాను. వంపు పైన 276 మచ్చలు, తలలో 30 మట్టలు. మొత్తం 306. ఏడాదికి పన్నెండు చొప్పున ఇరవై అయిదున్నరేళ్లు. వెనక్కి వెళ్తే 1996 చివరికి చేరాం. "ఈ చెట్టు చదువుకుంది రా" అన్నాడు కిందకి దిగి. ఆ ఉత్సాహంలో ఇంకో చెట్టు లెక్కపెడితే ఇరవై రెండేళ్లు వచ్చింది. అది నీడలో ఉంది, మట్టలు నెమ్మదిగా వేసి ఉంటుంది. ఒక్క చెట్టు మాట నమ్మి చరిత్ర రాయకూడదు.

చెట్టు ఎవరిది?

నేల, నీళ్లు, గాలి చెప్పాక కూడా దివాణం తోటలో కొన్ని ఖాళీలకి జవాబు దొరకదు. గేటు నుంచి బయల్దేరిన నిద్రగన్నేర్ల వరస రేవు దాకా వెళ్లకుండా సగంలో ఎందుకు ఆగింది? చెరువుకి మూడు వైపులే తాళ్లెందుకు? వీటికి రికార్డుల గదిలో వెతకాలి.

నిద్రగన్నేర్లు అమెరికా ఖండం నుంచి మన దేశానికి వచ్చింది పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో. దివాణం వాళ్లు వాటిని రోడ్డు వైపు నాటలేదు, కాలవ వైపు నాటారు. అప్పుడు చుట్టాలు పడవలో దిగేవాళ్లు. ఇప్పుడు రోడ్డు ఇంటి వెనక నుంచి పోతోంది. కొత్తవాళ్లకి దివాణం పెరటి గుమ్మంలోంచి పరిచయమవుతుంది, పాపం.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు జమీందారుని భూస్వామిగా నిలబెట్టింది. చేలో తాడి ఎవరిదన్న తగువు అక్కడి నుంచీ ఉంది. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం 12వ సెక్షన్ దాన్ని కొంత తేల్చింది: రైతు తన కమతంలోని చెట్లని వాడుకోవచ్చు, అనుభవించవచ్చు, నరుక్కోవచ్చు. పాత చెట్ల విషయంలో ఆచారం వల్లో, రాసిచ్చిన ఒప్పందం వల్లో జమీందారుకి మిగిలిన హక్కులు అలాగే ఉంటాయి. చట్టం వచ్చాక రైతు నాటిన చెట్టుకి, దానంతటది మొలిచిన చెట్టుకి మాత్రం ఏ ఆచారమూ ఏ కాగితమూ అడ్డురాదు. అందుకే చేను గట్లని జాగ్రత్తగా చూస్తే, దివాణం కమతం గట్ల మీద ఒకే వయసు ముసలి తాళ్లు బారులు తీరి ఉంటాయి. రైతుల గట్ల మీద అన్ని వయసులవీ కలగాపులగంగా ఉంటాయి. చెట్టు తమదే అని తేలినప్పుడు గట్టు మీద మొలకని పీకేయడం మానేశారని నేననుకుంటాను.

1948 ఎస్టేట్ల రద్దు చట్టం ఇంకా గట్టి దెబ్బ. పోరంబోకులు, బంజర్లు, చెరువులు, అడవులు, లంకభూములు సర్కారుకి పోయాయి. సొంత సేద్యపు భూమికి పట్టా, ఇల్లు మిగిలాయి. ఒకే చేత్తో వేసిన తోట అలా నాలుగు చేతుల్లో పడింది. ప్రహరీ లోపలిది దివాణానిది. చెరువు, దాని గట్టు ఊరిది. రేవు దారిలో సగం పంచాయతీది, కాలవ గట్టు నీటిపారుదల శాఖది. ప్రతి చేతికీ తన అవసరం ఉంది. దారి మీది నిద్రగన్నేర్లు ఒక వేలంలో పోయాయి. ఎవరు పాడించారు, ఎవరు పాడుకున్నారు అన్న మాట ఊళ్లో అందరికీ తెలుసు, ఇక్కడ అనవసరం. చెరువు నాలుగో గట్టు రోడ్డు వెడల్పులో కలిసింది. తరవాత 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. ఇప్పుడు చెట్టు కొట్టాలంటే అనుమతి అడగాలి. మా దారిలో అప్పటికి అడగడానికి పెద్దగా మిగల్లేదు.

ఇప్పుడు చెరువు అవతల మూడు రొయ్యల గుంటలున్నాయి. వాటికి దగ్గరగా ఉన్న కొబ్బరి వరసలో అడుగు మట్టలు చివర్ల నుంచి మాడుతున్నాయి. ఉప్పునీళ్లు ఊరుతున్నాయి. మొదట్లో చెప్పిన ఊటే ఇది, ఈసారి మంచినీళ్లు కావంతే. దివాణం వారసుల్లో ఒకాయన ముందు వైపు ఖాళీని నింపుదామని కడియం నర్సరీల నుంచి లారీ మీద పెద్ద చెట్లు తెప్పించి దింపాడు. వేళ్లు గుండ్రంగా కోసి, గోనె చుట్టి, క్రేన్‌తో నాటారు. మొదటి దసరాకి ఎంతో అందంగా ఉన్నాయి. వెదురు ఊతకర్రలు ఇప్పటికీ తీయలేదు. ఈ నవంబర్‌కి తీస్తారేమోనని నేను మాత్రం గాలి వార్తలు వింటున్నాను.

జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలిన కబురు వచ్చింది. లాకుల దగ్గర లస్కరు తలుపు ఎత్తిన మర్నాటికి మా బోదెలోకి మొదటి నీళ్లు చేరాయి. ముందు నురగ, ఎండుటాకులు, ఎవరిదో చెప్పు, ఆ వెనక నీళ్లు. నేను ఫోన్‌లో వీడియో తీసి మా పిల్లకి పంపాను.

"వాన పడిందా బాబాయ్?" అని అడిగింది.

"ఇంకా చినుకు లేదమ్మా."

మూడో రోజుకి దివాణం నూతిలో చేదతాడు ఒక మూర తక్కువ పట్టింది.